స్ట్రెచర్‌తో పాటు సమాచారమూ అందాలి

అయ్యా,

గత నెలలో షుగర్ బాగా పెరిగి మా నాన్నగారిని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. క్యాజువాలిటీలో ఇన్సులిన్ ఇచ్చి, రాత్రి ఎనిమిదింటికి వార్డుకు పంపారు. వార్డుబాయ్ స్ట్రెచర్ తోసుకొచ్చి, ఫైలు నాన్న కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయాడు. అప్పుడే నర్సుల డ్యూటీ మారుతోంది. కొత్తగా వచ్చిన సిస్టర్ మళ్లీ ఇన్సులిన్ తీసింది. "ఇందాకే కింద ఇచ్చారమ్మా" అని అమ్మ అనకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ వణుకొస్తుంది. షుగర్ ఒక్కసారిగా పడిపోతే ప్రాణమే పోవచ్చు.

ఆ సిస్టర్‌ను నేను తప్పుపట్టను. వార్డంతటికీ ఇద్దరే ఉన్నారు, ఆమెకు ఎవరూ చెప్పలేదు.

రోగిని అప్పగించేటప్పుడు సమాచారం సరిగా అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచనలిచ్చింది. ఎస్‌బార్ అనే పద్ధతీ ఉంది. రోగి ఇప్పుడెలా ఉన్నాడు, ఇంతకుముందు ఏం జరిగింది, మన అంచనా ఏమిటి, ఇక ఏం చేయాలి అని వరుసగా చెప్పాలి. విన్న నర్సు తిరిగి చెప్పి సరిచూసుకోవాలి. చివరి డోసు ఎన్నింటికి ఇచ్చారో, ఏ మందు పడదో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇదంతా మంచం దగ్గరే, ఇంటివాళ్లు వింటుండగా జరిగితే ఇంకా మంచిది. మా అమ్మలాంటి వాళ్లు తప్పు పట్టుకోగలరు.

డ్యూటీ మారే అరగంటలో, అత్యవసరమైతే తప్ప, రోగులను వేరే విభాగానికి పంపకూడదు. అప్పగింతకు పట్టే సమయాన్ని యాజమాన్యాలు డ్యూటీలోనే లెక్కించాలి.

– ఒక పాఠకురాలు, హన్మకొండ