ఇస్తాంబుల్ కదికోయ్ రేవులో నన్ను ఆదుకున్న పిన్నిగారికి, బాబాయిగారికి

మీ పేర్లు అడగలేదు. ఆ కంగారులో నాకు తట్టలేదు. తట్టేసరికి మీ బోటు కదిలిపోయింది. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను. మీది రాజమండ్రి. బాబాయిగారు లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మే నెల ఆఖరి శనివారం టూరు వాళ్లతో ఇస్తాంబుల్‌లో ఉన్నారు. ఇద్దరి నెత్తినా టూరు వాళ్లిచ్చిన నారింజరంగు టోపీలు. చదివేవాళ్లలో వీళ్లను ఎరిగినవాళ్లుంటే దయచేసి ఈ మాట వాళ్లకి చేర్చండి.

నేను న్యూజెర్సీలో పుట్టి పెరిగాను, ఇప్పుడు ఒహాయోలో సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడు చదువుతున్నాను. అమ్మానాన్నలది తెనాలి. అమ్మమ్మ మాతోనే ఉంటుంది కాబట్టి నాకు ముందు వచ్చింది తెలుగే, ఇంగ్లీషు బడికెళ్లాక వచ్చింది. పరీక్షలవగానే ఇద్దరు ఫ్రెండ్స్‌తో కలిసి వారం రోజులు ఇస్తాంబుల్ చూడ్డానికి వెళ్లాను. వాళ్లు శుక్రవారమే బయల్దేరిపోయారు. నా ఫ్లైటు ఆదివారం. మధ్యలో శనివారం ఒక్కదాన్నే.

జరిగింది చెప్పేముందు ఆ వారం గురించి కొంచెం చెప్పాలి. ఎందుకంటే చివరికి నా బ్యాగు నాదేనని తేల్చింది ఆ వారమంతా నేను రాసుకున్న నోటుబుక్కే. అమ్మమ్మ మోకాళ్ల నొప్పులతో ఎక్కడికీ కదల్లేదు. "రోజుకో పేజీ తెలుగులో రాసుకురా, వచ్చాక చదివి వినిపిద్దువు గాని" అని నా చేత మాట తీసుకుంది. ప్రతి పేజీ "అమ్మమ్మా," అనే మొదలవుతుంది.

మొదటి పేజీ అయా సోఫియా గురించి, చర్చిగా కట్టింది, ఇప్పుడు మసీదు. 537లో కట్టడం పూర్తయింది. క్లాసులో దాని గుమ్మటం బొమ్మ ఎన్నిసార్లు గీశానో. 31 మీటర్ల అడ్డం ఉన్న గుమ్మటం అడుగున చుట్టూ 40 కిటికీలు. పొద్దున వెలుగు వాటిలోంచి లోపలికి పడుతుంటే, ఆ బరువంతా గోడల మీద ఆనకుండా గాలిలో తేలుతున్నట్టుంది. భూకంపాల దెబ్బకి 558లో ఒకసారి కూలితే, ఈసారి ఇంకాస్త ఎత్తుగా లేపి మళ్లీ కట్టారట. కింద నమాజు జరుగుతుంది, మనలాంటి యాత్రికుల్ని ఇప్పుడు పై గ్యాలరీకే పంపుతున్నారు. ఆ గ్యాలరీ పాలరాతి పిట్టగోడ మీద, వెయ్యేళ్ల కిందట ఉత్తర యూరప్ నుంచి వచ్చిన ఎవరో వైకింగ్ గీకిన రాత ఉంది. చాలా భాగం అరిగిపోయింది గానీ హాఫ్దాన్ అన్న పేరు చదివారు. మన గుళ్లలో స్తంభాల మీద పేర్లు చెక్కేవాళ్లు గుర్తొచ్చి అక్కడే నవ్వేశాను.

రెండో పేజీ, నేలకింద నీళ్ల చెరువు. 336 రాతి స్తంభాలు, మోకాలి లోతు కూడా లేని నీళ్లు, చీకట్లో దీపాలు. చివర్న రెండు స్తంభాల కింద పీటల్లా మెడూసా తలలు పెట్టారు. ఒకటి పక్కకి తిరిగి, ఇంకొకటి తలకిందులుగా. "అమ్మమ్మా, పాముల జుట్టమ్మాయి తలకిందులుగా ఉన్నా కళ్లు మాత్రం తెరిచే ఉంది" అని రాశాను.

మూడో పేజీ మొత్తం మర్మరాయ్. యూరప్ గట్టు నుంచి ఆసియా గట్టుకి సముద్రం కింద నుంచి వెళ్లే రైలు, 2013 అక్టోబరు 29న మొదలైంది. సముద్ర మట్టానికి దాదాపు 60 మీటర్ల లోతున గొట్టాల్ని ముక్కలు ముక్కలుగా దించి అతికించారు. యెనికాపిలో స్టేషన్ కోసం తవ్వుతుంటే పాత రేవు బయటపడింది, అందులో 37 పాత ఓడలు దొరికాయి. తవ్వకాల వల్ల పనికి ఏళ్లు ఆలస్యమైందట. అవ్వనీ. రైలు కోసం తవ్వితే ఓడలు రావడమంత అందమైన విషయం నా చదువులో ఇంకోటి లేదు. నేను ఆ రైల్లో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను, పైకెక్కి చూసిందేమీ లేదు.

పిల్లుల గురించి కూడా ఒక పేజీ ఉంది. షాపుల ముందు వాటికి గిన్నెల్లో నీళ్లు, మేత. కుర్చీలో పిల్లి పడుకుని ఉంటే మనుషులే ఇంకో కుర్చీ చూసుకుంటారు.

అసలైన పేజీ మాత్రం చుట్టరికాలది. టర్కిష్‌లో తెయ్‌జె అంటే అమ్మ అక్కచెల్లెళ్లు. హలా అంటే మేనత్త. దాయి అంటే మేనమామ. అమ్‌జా అంటే నాన్న అన్నదమ్ములు. ఇంగ్లీషులో వీళ్లందరూ ఆంటీలూ అంకుల్సూ అయిపోతారు, అక్కడ మనలాగే ఎవరి పిలుపు వాళ్లది. పైగా మనలాగే దారిన పోయేవాళ్లని కూడా వరస పెట్టి పిలుస్తారు. కూరగాయలమ్మే పెద్దావిడ తెయ్‌జె, బస్సు డ్రైవరు అబీ, అంటే అన్న. షాపులో అమ్మాయి అబ్లా, అంటే అక్క. దుకాణం వాళ్లకి దుక్కాన్, తాజా వాళ్లకి తాజె, జవాబు జెవాప్, మైదానం మెయ్‌దాన్. ఎవ్ అంటే ఇల్లు, ఎవ్‌దె అంటే ఇంట్లో, ఎవ్‌దెన్ అంటే ఇంట్లోంచి. మన విభక్తుల్లాగే మాట చివర తోకలు తగిలించుకుంటూ పోవడమే. ఈ పేజీలో ఒక పక్క వాళ్ల మాట, ఇంకో పక్క మన మాట రాసి, మధ్యలో గీత గీసుకున్నాను.

ఇక శనివారం. ఎమినోను రేవులో ఫెర్రీ ఎక్కాను. ఓ ఇరవై నిమిషాల్లో కదికోయ్‌లో దిగుతాం, యూరప్‌లో ఎక్కి ఆసియాలో దిగడం. లోపల బెంచీ మీద కూర్చుని చాయ్ తీసుకున్నాను. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసు, సాసరులో రెండు చక్కెర బిళ్లలు. చెయ్యి కాలకుండా అంచు దగ్గర రెండు వేళ్లతో పట్టుకోవాలి. తర్వాత నువ్వులద్దిన సిమిత్ రొట్టె ముక్కలు పక్షులకి వేద్దామని బయటికి వెళ్లాను. సముద్రపు పక్షులు బోటుతో సమానంగా ఎగురుతూ గాల్లోనే అందుకుంటాయి. అలా చూస్తూ ఉండగానే రేవు వచ్చేసింది. జనంతో పాటు నేనూ దిగిపోయాను.

కూడలిలో ఎద్దు విగ్రహం దాకా నడిచాక ఫోటో తీద్దామని ఛార్జర్ కోసం భుజం తడుముకున్నాను. బ్యాగు లేదు. గుండె గుభేలుమంది. పాస్‌పోర్టు, పర్సు, నోటుబుక్కు అన్నీ అందులోనే. పరుగెత్తుకుంటూ రేవుకొచ్చేసరికి ఆ బోటు ఎప్పుడో వెనక్కి వెళ్లిపోయింది. మర్నాడు ఫ్లైటు, కాన్సులేటు సోమవారం దాకా తెరవరు. ఫోన్‌లో 6 శాతం ఛార్జింగ్. న్యూజెర్సీలో తెల్లవారుజామున అయిదు. అమ్మకి ఫోన్ చేసి "అమ్మా, బ్యాగు పోయింది, పాస్‌పోర్టు అందులోనే ఉంది" అంటూ ఏడుస్తుండగానే ఫోన్ ఆగిపోయింది.

అప్పుడు వెనకనుంచి ఒక గొంతు. "ఏమైందమ్మా? తెలుగమ్మాయివా?"

పిన్నీ, ఆ రెండు ముక్కలకి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. మీరు ఇంకేం అడక్కుండా నా చేతిలో మంచినీళ్ల సీసా పెట్టారు. బాబాయిగారు టూరు కాగితం తిరగేసి, జేబులోంచి పెన్ను తీసి, వరసగా అడగడం మొదలుపెట్టారు. ఎన్ని గంటల బోటు? ఏ వైపు బెంచీ? దిగి ఎంతసేపైంది? నేను ఏడుస్తూ చెప్తుంటే ఆయన అంకెలు వేసుకుంటున్నారు. "అటు ఇరవై నిమిషాలు, అక్కడ జనం ఎక్కడానికి పది, ఇటు ఇరవై. బోటు ఎక్కడికి పోతుంది తల్లీ, వస్తుంది. ముందు ఆఫీసులో చెబుదాం పద" అన్నారు. నాకు ఆ నిమిషంలో కావలసింది సరిగ్గా అదే, ఒక లెక్క.

టికెట్ల కిటికీలో ఉన్న ఆవిడకి ఇంగ్లీషు రాదు. క్యూలో ఉన్న ఒక కాలేజీ అమ్మాయి, మెడలో పసుపూ నీలం ఫెనర్‌బాచె ఫుట్‌బాల్ జట్టు మఫ్లరు వేసుకుని ఉంది, తనంతట తనే ముందుకొచ్చి మా మాటలు ఆవిడకి చెప్పింది. ఆవిడ బోటుకి ఫోన్ చేసింది. చాయ్ అమ్మే పెద్దాయన ఒక బ్యాగు తీసి తన కౌంటరు వెనకాల దాచారని తెలిసింది. కానీ ఎవరిదో ఏమిటో తేలాకే ఇస్తానన్నారట. ఆ అమ్మాయి తన ఫోన్ నుంచే మా అమ్మకి "దొరికేలా ఉంది, కంగారుపడకు" అని నాచేత మెసేజ్ పెట్టించింది. నా కోసం రెండు బోట్లు వదులుకుంది. నువ్వు వెళ్లు అంటే, మా ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు ఏడుస్తూ వెళ్తే మాకు బాగుంటుందా అంది. తనకి వేరే ఇంగ్లీషులో రాశాను. ఇక్కడ కూడా చెప్తున్నా, తెషెక్కూర్లెర్, అంటే థాంక్స్.

బోటు వచ్చేదాకా రేవు బెంచీ మీద కూర్చున్నాం. పిన్ని సంచీలోంచి స్టీలు డబ్బా తీశారు. పప్పు చెక్కలు. శనగపప్పు పలుకులు పైకి తేలి, కరివేపాకు ముక్కలు కనిపిస్తున్నాయి. "ఏడ్చిన నోట్లో ముందు ఏదైనా వేసుకోవాలి" అని నాకూ, ఆ టర్కీ అమ్మాయికీ చెరి రెండూ పెట్టారు. తను కారానికి కళ్లు తుడుచుకుంటూనే మూడోది అడిగింది. బాబాయిగారు నీళ్లకేసి చూస్తూ, 1974లో గోదావరి మీద రోడ్డు రైలు వంతెన రాకముందు చిన్నప్పుడు కొవ్వూరికి లాంచీలో దాటేవాళ్లమని చెప్పుకొచ్చారు. పొద్దున అందరూ షాపింగుకి పోతే, లాంచీ ఎక్కుదాం రా అని పిన్నిని లాక్కొచ్చారట. ఒంటిగంటకి వాళ్ల టూరు భోజనం ఉంది. వెళ్లండి అని నేనంటే, "ఆ భోజనాలు రోజూ ఉండేవేగా" అన్నారు పిన్ని.

బోటు వచ్చింది. చాయ్ పెద్దాయనకి తెల్లటి మీసం, నడుముకి ఏప్రను. బ్యాగు చంకలో పెట్టుకుని నిలబడ్డారు, ఇవ్వలేదు. లోపల ఏమున్నాయని అడిగించారు. పాస్‌పోర్టు, గోధుమరంగు పర్సు, అమ్మమ్మ కోసం కొన్న నీలం దిష్టిపూస, నోటుబుక్కు అన్నాను. ఆయన పాస్‌పోర్టు వైపు చూడనే లేదు. నోటుబుక్కు తీసి, మొదటి పేజీ తెరిచి, నాకు పెన్నూ బిల్లు కాగితమూ ఇచ్చి, రాసి చూపించమని సైగ చేశారు.

"అమ్మమ్మా," అని రాశాను. చెయ్యి వణికింది.

ఆయన రెంటినీ పక్కపక్కన పెట్టి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి పోల్చి చూశారు. మకి కింద వచ్చే మ వత్తు దగ్గర ఆగి, అటొకసారి ఇటొకసారి చూసి, తలూపారు. ఇంకో పేజీ తిప్పితే చుట్టరికాల పేజీ వచ్చింది. అందులో వాళ్ల మాటలు వాళ్ల లిపిలోనే రాసుకున్నానుగా, పైకి చదివారు. "తెయ్‌జె, హలా, దాయి..." ముఖమంతా నవ్వు. పిన్ని వైపు చూపించి "తెయ్‌జె?" అని అడిగారు. అవును తెయ్‌జె అన్నాను.

"ఏమంటున్నాడమ్మా?" అన్నారు పిన్ని.

"మీరు నాకు పిన్నా అని అడుగుతున్నారు. అవునన్నాను."

"మరి ఇందాకట్నుంచీ ఆంటీ ఆంటీ అంటావేం?" అని నా తల మీద చెయ్యి వేశారు. పిన్నీ, ఆ చెయ్యి బరువు నాకు ఇంకా గుర్తుంది.

పెద్దాయన అందరికీ చాయ్ పోసి ఇచ్చారు, డబ్బులు ఇవ్వబోతే నా చెయ్యి వెనక్కి నెట్టేశారు. బ్యాగు ఇచ్చేటప్పుడు "గెచ్‌మిష్ ఒల్సున్" అన్నారు. టికెట్ల ఆవిడా అదే అంది, గేటు దగ్గరి అబ్బాయీ అదే అన్నాడు. కష్టంలో పడ్డవాళ్లతో ఆ మాట అంటారట, ఇది గడిచిపోవాలి అని. మనం గండం గడిచింది అనుకుంటాం చూడండి, అలాంటిదే. ఆ పెద్దాయనకి, ఆవిడకి, ఆ అబ్బాయికి పేరుపేరునా దండం పెట్టాలని ఉంది.

మీకు బస్సు టైమవుతోంది, అదే బోటులో తిరిగి వెళ్లాలి. నా గది కదికోయ్‌లోనే. నేనూ వస్తాను, దింపి వస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు. "అక్కడ మీ అమ్మ ఊపిరి బిగబట్టుకుని కూర్చుని ఉంటుంది. నీ గొంతు వింటేగానీ కుదుటపడదు. ముందెళ్లి ఫోన్ చెయ్" అని నన్ను గట్టు మీదికి పంపించి, కిటికీలోంచి చెక్కల డబ్బా అందించారు. రాత్రికి తినమన్నారు. బోటు కదిలాక బాబాయిగారు టోపీ తీసి ఊపారు. అప్పుడు గుర్తొచ్చింది, పేర్లు అడగలేదని.

ఫ్లైటు అందుకున్నాను. పాస్‌పోర్టు, నోటుబుక్కు, దిష్టిపూస అన్నీ క్షేమంగా ఇల్లు చేరాయి. పూసని అమ్మమ్మ వంటింటి గుమ్మానికి కట్టించింది. మీ సంగతి విని, ఆ పేజీ మళ్లీ మళ్లీ చదివించుకుంది. అమ్మ మీ కోసం దేవుడి దగ్గర దీపం పెట్టింది.

డబ్బా నా దగ్గరే ఉంది పిన్నీ. కడిగి తుడిచి పెట్టాను. ఖాళీ డబ్బా తిరిగివ్వకూడదని, సున్నుండలు చేసి నింపుతానని అమ్మమ్మ అంటోంది. డిసెంబరు సెలవుల్లో తెనాలి వస్తున్నాం, అక్కణ్ణుంచి రాజమండ్రికి నేనే తెచ్చి ఇస్తాను. డబ్బా అడుగున రెండు పొడి అక్షరాలు, ఒక తారీఖు చెక్కి ఉన్నాయి. అవేమిటో ఇక్కడ రాయడం లేదు. చాయ్ పెద్దాయన నన్ను అడిగినట్టే నేనూ అడుగుతాను, చెప్పండి చాలు.