బేస్మెంట్‌లో నీ కారు

మారతహళ్లి, బెంగళూరు
ఆదివారం రాత్రి

చిన్నీ,

నీ కారు పాలిష్ పని ఇవాళ్టితో అయిపోయిందమ్మా. ఐదు సాయంత్రాలు పట్టింది. మన పార్కింగ్ దగ్గర ప్లగ్ పాయింట్ లేదు, కామన్ కరెంటు నుంచి వైరు లాగితే అసోసియేషన్ వాళ్లు ఒప్పుకోరు. అందుకే మొత్తం చేత్తోనే చేశాను.

కారు బ్యాటరీకే ఇన్వర్టర్ తగిలించి పాలిష్ మిషన్ నడపమన్నావు కదా, ఎందుకు వద్దన్నానో ఆ రోజు ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. పాలిషర్ 700 వాట్లు లాగుతుందనుకో. లైటర్ సాకెట్ ఫ్యూజు 15 ఆంప్స్ అయినా 12 వోల్టుల మీద వచ్చేది 180 వాట్లే. నేరుగా బ్యాటరీకి కలిపితే 60 ఆంప్స్ దాకా లాగేస్తుంది. నీ బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది. రెండు డోర్లు అయ్యేసరికి కారు స్టార్ట్ అవ్వదు. ఇంజిన్ ఆన్‌లో ఉంచుదామంటే, ఆ బేస్మెంట్‌లో పొగ ప్రాణం మీదికే తెస్తుంది. నువ్వు కూడా ఎప్పుడూ అలా చెయ్యకు.

2024 మార్చిలో తాగే నీళ్లతో కారు కడిగితే 5,000 జరిమానా అన్నారు, గుర్తుందా? అప్పట్నుంచి పైపు పట్టుకోవాలంటే నాకు మనసొప్పదు. టెర్రస్ మీద డ్రమ్ములో పట్టిన వాన నీళ్లు రెండు బకెట్లు దించుకున్నాను. ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి.

కడిగి తుడిచాక బానెట్ నున్నగానే కనిపించింది. పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని వేళ్లు జరిపితే మాత్రం గరగరలాడింది. ఆఫీసు దగ్గర చెట్టు కింద పెట్టేదానివి కదా, ఆ జిగురూ దుమ్మూ కలిసి అంటుకుపోయాయి. తడి చేసి, అంటుకున్న మురికిని లాగేసే క్లే ముద్దతో రుద్దితే ముద్ద అడుగు నల్లగా అయింది. అప్పుడు గానీ పాలిష్ బయటికి తియ్యలేదు. అడుగు చదరం చోటు, స్పాంజి మీద శనగగింజంత చుక్కలు మూడు, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఒక్క బానెట్‌కే రెండు సాయంత్రాలు. రెక్కలు పీకాయి గానీ, ట్యూబ్‌లైటు అందులో గీత గీసినట్టు కనిపిస్తుంటే లేచి రాబుద్ధి కాలేదు.

డ్రైవర్ డోరు హ్యాండిల్ వెనక గుంటలో నీ గోళ్ల గీతలున్నాయి, సన్నగా, నెలవంకల్లా. అక్కడికి మిషన్ ఎలాగూ వెళ్లదు. వేలికి గుడ్డ చుట్టి చేశాను. అన్నీ పోయాయి. ఆ చోట ఎక్కువసేపే కూర్చున్నాను తల్లీ, నువ్వు వెళ్లి ఎనిమిది నెలలైంది.

రంగు పైనున్న పారదర్శకమైన పూత, క్లియర్ కోట్, వెంట్రుక మందం కూడా ఉండదు, పాలిష్ పెట్టిన ప్రతిసారీ కాస్త అరుగుతుంది. ఇక రెండేళ్ల వరకు పాలిష్ మాటెత్తొద్దు, వ్యాక్స్ చాలు. పొద్దున్నే వచ్చే అబ్బాయికి కొత్త మైక్రోఫైబర్ గుడ్డలిచ్చి, దుమ్ము మీద పొడిగుడ్డతో తుడవొద్దని చెప్పాను. కారు మీద సుడులు తిరిగినట్టుండే సన్న గీతలన్నీ దానివల్లే.

వెనక బంపర్ మీద గీత ఒకటి మిగిలింది. గోరు పెడితే తగులుకుంటోంది, అంటే పాలిష్‌తో పోయేది కాదు. రంగు కోడ్ చూసి టచప్ పెన్ను తెచ్చాను. సంక్రాంతికి వస్తావుగా, అప్పుడు ఇద్దరం కలిసి వేద్దాం. నీ చెయ్యి నాకంటే నిలకడ.

నాన్న