ఫిర్యాదు పంపే ముందు కాస్త ఆగు

ప్రియ మిత్రమా,

వాషింగ్ మెషీన్ కంపెనీకి పంపాలనుకుంటున్న ఫిర్యాదు ముసాయిదాను పూర్తిగా చదివాను. నీ కోపంలో తప్పేమీ లేదు. కొన్న కొద్దికాలానికే మొరాయించిన యంత్రం మూడుసార్లు బాగుచేసి వెళ్ళాక కూడా ఆగిపోతే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. అయితే అది ఏ మోడలో, ఎప్పుడు కొన్నావో తెలుసుకోవడానికి నేను మూడో పేజీ దాకా రావలసివచ్చింది, ఆలోపు ఆ కంపెనీ నైతిక పతనం గురించి మాత్రం చాలా చదివాను.

నీవు ఆ ఉత్తరాన్ని నిన్ను విసిగించిన మనుషులను ఉద్దేశించి రాశావు. నా మటుకు నాకు, ఫిర్యాదు రాయవలసింది వాళ్ళ కోసం కాదు, తరువాతెప్పుడో దాన్ని చేతిలోకి తీసుకోబోయే ఒక అపరిచితుడి కోసం అనిపిస్తుంది. మొదట చదివే కస్టమర్ కేర్ ఉద్యోగికి యంత్రాన్ని మార్చి ఇచ్చే అధికారం చాలాసార్లు ఉండదు. అతడు దాన్ని పై అధికారికి పంపుతాడు, అక్కడా తేలకపోతే రేపు వినియోగదారుల న్యాయస్థానంలోనో మధ్యవర్తి ముందో అదే కాగితం సాక్ష్యంగా నిలబడాలి. ఆ చివరి పాఠకుడికి నీవెవరో తెలియదు, నీ ఫోను సంభాషణలు ఆయన వినలేదు.

అందువల్ల ‘విషయం’ అని రాసే చోటే మోడల్, సీరియల్ నంబరు, బిల్లు నంబరు, ఇదివరకు వాళ్ళిచ్చిన ఫిర్యాదు నంబరు వచ్చేయాలి. ఆ కింద జరిగినదంతా తేదీల వరుసలో చెప్పు, కానీ కళ్ళారా చూసినదానినీ ఊహించినదానినీ కలిపేయకు. ‘పాత మోటారు బిగించి అంటగట్టారు’ అని రాశావు. దాన్ని నిరూపించడం నీవల్ల కాదు, పైగా అవతలివాళ్ళు ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకొని ఉత్తరమంతా అతిశయోక్తేనని కొట్టిపారేయవచ్చు. అదే, ఫలానా తేదీన డ్రమ్ము తిరగడం ఆగిపోయిందని, నీళ్ళు బయటికి పోలేదని రాస్తే కాదనడం కష్టం. మెకానిక్‌ను తిట్టిన పేరా మొత్తం తీసెయ్యి. మోటారు మార్చాలని జాబ్ షీటు మీద రాసి సంతకం పెట్టి వెళ్ళింది అతడే కదా! నీ తరఫున అంతకంటే గట్టి సాక్షి మరొకడు లేడు.

ఇక చివర ‘తగిన న్యాయం చేయగలరు’ అని ముగించావు. మరమ్మతు, మార్పిడి, డబ్బు వాపసు, ధరలో తగ్గింపు – ఇలాంటివైతే కంపెనీలో ఎవరో ఒకరు మంజూరు చేయగలరు, న్యాయం అన్న పేరుతో మంజూరయ్యేది మాత్రం అక్కడ ఏదీ ఉండదు. మరమ్మతు అన్నిసార్లు విఫలమైంది కనుక కొత్త యంత్రమో, చెల్లించిన పూర్తి సొమ్మో, ఏదో ఒకటి తేల్చి అడుగు. మానసిక వేదనకు కోరిన పెద్ద మొత్తాన్ని ఈ దశలో పక్కన పెట్టమంటాను. అది అడగరానిదని కాదు, ఆ అంకె కనబడగానే కస్టమర్ కేర్‌లో తేలవలసిన పని లీగల్ విభాగానికి చేరి నెమ్మదించవచ్చు. బయట బట్టలు ఉతికించుకున్న ఖర్చుకు రసీదులుంటే మాత్రం దాన్ని తప్పక చేర్చు. ‘వీలైనంత త్వరగా’ అనే మాటకు బదులు రెండు వారాల తరువాతి ఒక తేదీ వెయ్యి, ఆలోగా జవాబు రాకపోతే నిజంగా చేయబోయేది మాత్రమే రాయి. సోషల్ మీడియాలో పరువు తీస్తానన్న బెదిరింపు ఆ చివరి పాఠకుడి దృష్టిలో నీకే చేటు.

ఈ సందర్భంలో నన్ని అనే ఒక ప్రాచీన కాలపు కొనుగోలుదారు గుర్తుకొస్తున్నాడు. క్రీస్తుపూర్వం 1750 ప్రాంతంలో, నేటి ఇరాక్‌లోని ఉర్ నగరంలో, నాసిరకం రాగి చూపించాడని ఏఆ-నాసిర్ అనే వ్యాపారికి ఇతడు పంపిన ఫిర్యాదు మట్టిపలక ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ వ్యాపారి ఏం మాట ఇచ్చాడో, తాను పంపిన మనుషులతో ఎలా ప్రవర్తించాడో నన్ని అందులో చెప్పి, సొమ్ము పూర్తిగా తిరిగి ఇమ్మన్నాడు. ఇకపై రాగిని తన ఇంటి ముంగిట తానే ఏరుకుంటానన్నాడు. కోపం దండిగా ఉన్నా అడగవలసింది మరచిపోలేదు, గడువు తేదీ ఒక్కటే లోటు. సుమారు 3,700 ఏళ్ళ తరువాత చదివినా తగవేమిటో మనకు అర్థమవుతోంది చూడు.

జతచేసేవన్నీ జిరాక్స్ ప్రతులే కావాలి. అసలు బిల్లు, అసలు జాబ్ షీటు చేయి దాటిపోకూడదు. ఉత్తరాన్ని అందినట్లు రసీదు వచ్చే పద్ధతిలో తపాలాలో పంపి, అదే పాఠాన్ని ఈమెయిల్‌లోనూ పెట్టు. దీని తరువాత వాళ్ళు ఫోను చేసి తియ్యగా మాట్లాడతారు, అక్కడే చాలా ఫిర్యాదులు కరిగిపోతాయి. ఫోను పెట్టేసిన వెంటనే, ‘ఈ రోజు మీ ప్రతినిధి నాతో ఫలానా విధంగా చెప్పారు, పొరపాటుంటే తెలియజేయండి’ అని నాలుగు పంక్తుల మెయిల్ పంపావంటే గాలిలో మాట కాగితం మీదికి వస్తుంది. కూపనో, కొంత సొమ్మో ఇస్తామంటే, దానితో వివాదం పూర్తిగా పరిష్కారమైనట్లే అనే షరతు ఎక్కడైనా ఉందేమో చూడకుండా సంతకం పెట్టకు. వారంటీ ముగిసిందని తోసిపుచ్చితే, మొదటి ఫిర్యాదు వారంటీలోనే నమోదైందని ఆ తేదీతో సహా చూపించు. చాలా దేశాల్లో చట్టం ఇచ్చే రక్షణ కంపెనీ వారంటీ కాగితంతోనే ముగిసిపోదు కూడా.

తిరగరాసిన ముసాయిదా ఒక పేజీకి మించకుండా చూసి నాకు పంపు. బిల్లు మీద సీరియల్ నంబరు చెరిగిపోయిందన్నావు కాబట్టి, యంత్రం వెనుక అంటించిన పట్టీని ఫోటో తీసి దానితో పాటే పెట్టు.

నీ మిత్రుడు