అన్నంలో రాయి

యాదగిరీ,

నువ్వు పంపిన ఫోటో చేరింది. పురుగుమందుల దుకాణం ఆయన చూపించిన నీ వరి గింజల రిపోర్టు రెండుసార్లు చదివాను. గింజలో జింక్ ఇంత ఉందట, అంటే పైరుకు కొట్టిన నానో జింక్, అదే కంటికి కనబడనంత సన్నని జింక్ ఆక్సైడ్ రేణువులు, గింజ దాకా ఎక్కినట్టేనట. నువ్వు సగం నమ్మావు, సగం భయపడ్డావు. పిల్లలు తినే బియ్యం కదా, టెన్షన్ ఉండదా మరి! ఫోన్లో అయితే మాట మాటకూ ఎవరో ఒకరు పిలుస్తారు, అందుకే తీరిగ్గా కూర్చొని రాస్తున్నా.

రిపోర్టులో అంకె సరైనదే కావచ్చు. దాన్ని పట్టుకొని ఆయన చెప్పిన మాటే తప్పు. గింజను నైట్రిక్ యాసిడ్‌లో ఉడికించి కొలిచారు. యాసిడ్ పడ్డాక నానో రేణువైనా, వేరు మట్టిలోంచి పీల్చుకున్న జింకైనా కరిగి ఒక్కటైపోతుంది. ఏ మందూ కొట్టని మడిలోని బియ్యంలో కూడా కిలోకు 10, 20 మిల్లీగ్రాముల జింక్ ఉంటుంది. యాసిడ్‌లో ఉడికించిననాడే నీ ప్రశ్న కూడా కరిగిపోయింది.

రేణువు రేణువుగానే ఉందా అని చూడాలంటే దాన్ని కరిగించకుండా ఆకును మాత్రమే కరిగించాలి. దానికి మా ల్యాబులో ఎంజైము వాడతాం. రుబ్బిన ఆకులో వేసి, 37 డిగ్రీల దగ్గర ఒక రోజంతా ఊపుతూ ఉంచుతాం. తెల్లారి ట్యూబు తీస్తే ఆకు గోడలు కరిగి పలచటి పసుపుపచ్చ నీళ్ళు, అడుగున కాస్త పిప్పి. ఆ నీళ్ళను బాగా పలచన చేసి ఐసీపీ మాస్ స్పెక్ట్రోమీటర్‌కు, అంటే మంటలో కాల్చి ఏ లోహం ఎంతుందో చెప్పే యంత్రానికి, ఎక్కిస్తాం. లోపల మంట 6,000 డిగ్రీల పైమాటే. యంత్రం సెకనుకు పదివేలసార్లు చదువుతుంది.

నీకు తెలిసిన తీరులో చెప్తా. అన్నం తింటుంటే ముద్ద ముద్దకూ ఉప్పు ఒకేలా తగులుతుంది, అది కరిగిన లోహం. మధ్యలో కటుక్కున పంటికింద రాయి పడుతుంది చూడు, అదీ రేణువు. తెరమీద గీత నెమ్మదిగా పోతూ పోతూ ఒక్కసారి నిటారుగా లేస్తుంది. ఎన్నిసార్లు లేచిందో లెక్కపెడితే రేణువులెన్నో తెలుస్తుంది, ఎంత ఎత్తు లేచిందో చూస్తే సైజు తెలుస్తుంది. రేణువు అడ్డం రెండింతలైతే గీత ఎత్తు ఎనిమిదింతలు. పలచన సరిగ్గా చేయకపోతే రెండు రేణువులు జంటగా పడి ఒక పెద్ద రేణువులా మోసం చేస్తాయి. ఎక్కించిన నీళ్ళలో మంటదాకా చేరేది కొంచెమే కాబట్టి, ముందు 60 నానోమీటర్ల బంగారు రేణువులు ఎక్కించి ఆ వాటా ఎంతో తేల్చుకుంటాం.

బంగారంతోనే మొదలుపెట్టడానికి కారణముంది. టమాటా మొక్కలో బంగారం పుట్టుకతో ఉండదు, ఓ పట్టాన కరగదు. అయినా నాకు మొదట్లో దెబ్బ తగిలింది. కుండీల్లో టమాటా ఆకులకు బంగారు రేణువులు కొట్టి కొలిస్తే గీతలు వానలా పడ్డాయి. రాత్రంతా సంబరం. తెల్లారి ఆ ఆకులు కడిగిన నీళ్ళనే ఎక్కించా. అందులోనూ అదే వాన. ఆకు లోపలికి పోయింది చాలా తక్కువ, మిగతాదంతా పైన అంటుకున్నదే. కడగడాన్ని అప్పట్నుంచి కొలతంత జాగ్రత్తగా చేస్తున్నా.

రేణువు కనబడ్డా పైనుంచే వచ్చిందని అనుకోవడానికి లేదు. లూసర్న్ గడ్డి కరిగిన బంగారాన్ని పీల్చుకొని లోపల తానే నానో రేణువులు కడుతుందని 2002లోనే చూపించారు.

ఇక జింక్ సంగతి. దీంతో పడలేం, యాదగిరీ. మొక్కలో ముందే ఉంటుంది కాబట్టి ఉప్పు ఎక్కువైన అన్నంలో సన్నరాయిలా చిన్న రేణువు దొరకదు. పైగా జింక్ ఆక్సైడ్ కాస్త పులుపుకే కరుగుతుంది. మా ఎంజైము ద్రావణమే పుల్లన, మేమే కరిగించేస్తాం! అందుకే జింక్ ఏ రూపంలో ఉందో చూడటానికి సింక్రోట్రాన్ అనే పెద్ద యంత్రం ఇచ్చే చాలా బలమైన ఎక్స్ కిరణాలు కావాలి. మన దేశంలో ఇండోర్‌లో ఉంది, ఇండస్-2. విదేశంలో 2013లో సోయాబీన్ మీద అలాగే చూశారు. మట్టిలో కలిపిన సీరియం ఆక్సైడ్ (సీరియం ఇంకో లోహం) గింజలో కూడా రేణువుగానే దొరికింది. జింక్ ఆక్సైడ్ మాత్రం దొరకలేదు, మామూలు జింక్‌గా మారిపోయింది. పిల్లల గురించి నువ్వు పడే భయానికి ఈ ఫలితం నాకు కొంత ధైర్యమిస్తోంది. కానీ అది సోయా, నీది వరి. ఒకదాని మాట ఇంకోదానికి అంటగట్టను.

మన ఊరి నీళ్ళు గుర్తున్నాయా? చూడ్డానికి తేటగానే ఉండేవి. తాగే నీళ్ళకు హద్దయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ అందులో ఉందని కొలిచి చెప్పేసరికే మీ నాయనమ్మ నడుము వంగిపోయింది. ఈ పని మీద నాకింత పట్టుదల అక్కడినుంచే.

యాసంగి కోతకు ముందు నాకు రెండు కట్టలు పంపు. మందు కొట్టిన మడిలోంచి ఒకటి, అసలు కొట్టని మడిలోంచి ఒకటి. రెండోది లేకపోతే మొదటిది దండగ. వేర్లు మట్టితో సహా పెకిలించు, దులపకు. కాగితం సంచిలో పెట్టు, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి కుళ్ళిపోతాయి. బత్తాయి ఆకులు కూడా నాలుగు వెయ్యి, చిన్నగా పసుపు మచ్చలతో ఉన్నవి, జింక్ చాలకపోతే అలా అవుతాయి. కొట్టిన తేదీ సంచి మీద పెన్సిల్‌తో రాయి, పెన్ను రాత తడికి చెరిగిపోతుంది.

నీ
నర్సింహ