దిద్దుబాటు వార్తకూ చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

2021 మార్చిలో మీరు ‘ప్రకృతిలో కొత్త బలం?’ అంటూ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో వార్త వేశారు. జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధనశాల సెర్న్‌లో ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగానికి బీ మీసాన్లనే కణాల క్షయంలో, అంటే అవి అంతరించి వేరే కణాలుగా మారే తీరులో, ఏదో తేడా కనిపించిందన్నది దాని సారాంశం. మా కళాశాల పిల్లలు ఆ కత్తిరింపును ఫిజిక్స్ ల్యాబ్ తలుపుకు అంటించారు. 2022 డిసెంబరులో అదే బృందం, లెక్క సరిచూసుకున్నాక తేడా నిలబడలేదని ప్రకటించింది. ఆ సంగతి మీ పత్రికలో ఎంత వెతికినా నాకు కనబడలేదు. తలుపు మీద పాత వార్తే చెలామణీ అయింది.

నిజానికి ఆ రెండో వార్తే అసలు వార్త. బీ మీసాన్ ప్రోటాన్ కంటే అయిదున్నర రెట్లు పైబడిన బరువున్న కణం. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒకటిన్నర భాగం దాని ఆయుష్షు. సుమారు ఇరవై లక్షల మీసాన్లలో ఏ ఒక్కటో కేయాన్ అనే తేలికైన మీసాన్‌తో పాటు, ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువులైన మ్యూయాన్ల జంటను ఇచ్చి అంతరిస్తుంది. మ్యూయాన్ల బదులు ఎలక్ట్రాన్ల జంట రావడమూ అంతే అరుదు. కణాల గురించి ఇప్పుడు చెలామణీలో ఉన్న సిద్ధాంతం స్టాండర్డ్ మోడల్ ప్రకారం రెండూ సమానంగా జరగాలి. 2021లో వచ్చిన నిష్పత్తి 0.846. అంటే నూరు ఎలక్ట్రాన్ జంటలకు మ్యూయాన్ జంటలు 85 మాత్రమే.

చిక్కంతా ఎలక్ట్రాన్‌తోనే. మ్యూయాన్ ఇనుప గోడలను సైతం దాటి పోతుంది కనుక గుర్తుపట్టడం తేలిక. ఎలక్ట్రాన్ అలా కాదు, దారిలోని పదార్థం గుండా పోతూ తన శక్తిని కాంతిగా వదిలేస్తుంది. ఆ గందరగోళంలో వేరే కణాలు కొన్ని ఎలక్ట్రాన్ల ఖాతాలో పడ్డాయి. వాటిని ఏరేశాక నిష్పత్తి 0.95 దాకా వచ్చింది. ప్రయోగ దోషం పరిధిలో అది ఒకటితో సరిపోతుంది. లోపాన్ని బయటపెట్టింది ప్రత్యర్థులు కాదు, ఆ బృందమే. ఇది మొదటి పేజీకి పనికిరాదా?

ఇంత అరుదైన క్షయాల వెంట పడటానికి కారణం ఉంది. మీసాన్లు క్వార్కులనే ఇంకా చిన్న కణాలతో అయినవి. బీ మీసాన్‌లోని బాటమ్ క్వార్క్, కేయాన్‌లో ఉండే స్ట్రేంజ్ క్వార్క్‌గా నేరుగా మారడం కుదరదు, బరువైన కణాల మీదుగా చుట్టుదారిలో మారాలి. ఏ యంత్రమూ ఇంతవరకు పుట్టించలేని కణం ఒకటుంటే ఆ చుట్టుదారిలో అదీ చేయి పెట్టి లెక్క మార్చగలదు.

ఇక మొన్నటి ఆదివారం అనుబంధం. జపాన్‌లోని త్సుకుబాలో బెల్-2 ప్రయోగం దాదాపు 39 కోట్ల బీ మీసాన్ జంటలను జల్లెడ పట్టి, కేయాన్‌తో రెండు న్యూట్రినోలు వెలువడే క్షయం జాడలను 2023లో ప్రకటించింది. న్యూట్రినోలు పరికరానికి చిక్కవు కనుక లెక్కకు అందని శక్తిని బట్టే వాటిని ఊహించాలి. సిద్ధాంతం ప్రకారం పది లక్షల మీసాన్లకు అయిదారు ఉండాల్సిన చోట 23 వచ్చాయి. అంతే, ‘సిద్ధాంతం కూలింది’ అని మీ వ్యాసకర్త తీర్పు ఇచ్చేశారు. ఆ తేడా 2.7 సిగ్మా. తేడా కాకతాళీయం కాదనడానికి ఎంత బలముందో చెప్పే కొలత అది. ఆవిరైపోయిన 2021 నాటి తేడా 3.1. ఈ రంగంలో ఆవిష్కరణ అనాలంటే 5 ఉండాలి. అందులో ఏదో ఉండాలనే నాకూ ఆశ, కానీ ఆశకు శీర్షిక పెట్టకూడదు.

బెల్-2లో ఐఐటీ హైదరాబాద్ కూడా భాగస్వామి. మీ సంగారెడ్డి విలేఖరిని ఒక్కసారి ఆ ఐఐటీ ఉన్న కందికి పంపితే, ఈ 2.7ను ఎలా చదవాలో అక్కడి పరిశోధక విద్యార్థులే చెబుతారు. అది ప్రచురించండి.

– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి