ఆ స్నో బ్లోయర్ సలహాలు ఎవరి కోసం?

సంపాదకుల వారికి,

అయ్యా,

స్నో బ్లోయర్ (ఇంటి ముందు పడ్డ మంచుని లాగి దూరంగా చిమ్మే యంత్రం) ఎలా కొనాలో చెబుతూ మీ ఆదివారం ఎన్నారై పేజీలో వచ్చిన వ్యాసం అప్పుడే చదివాను. కోపంలో రాస్తే మర్యాద తప్పుతుందని ఊరుకున్నాను. ఈలోగా అదే వ్యాసాన్ని మా వాట్సాప్ గ్రూపులో ఒకరి తర్వాత ఒకరు పంచుకుంటూ, చాలా ఉపయోగకరం అంటూ దండాల బొమ్మలు పెడుతుంటే ఇక ఆగబుద్ధి కావడం లేదు.

ముందు ఆ ఫోటో సంగతి. కొత్త స్వెటర్ తొడుక్కుని, చేతులకు గ్లౌజులైనా లేకుండా పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఒకాయన, చీలమండ దాటని మంచులో యంత్రం తోస్తున్నాడు. అంత మంచుకి మా వీధిలో ఎవరూ యంత్రం బయటకు తీయరు. కారెక్కి దాని మీంచే పోతారు. మేముండేది న్యూయార్క్ రాష్ట్రంలో, బఫెలో నగరానికి దక్షిణాన, ఈరీ సరస్సు మీంచి వచ్చే మంచు తిన్నగా వచ్చి పడే చోట. 2022 నవంబరులో ఇక్కడి ఆర్చర్డ్ పార్క్, హాంబర్గ్ ప్రాంతాల్లో ఒక్క తుపానులో 77 అంగుళాలకు పైగా కురిసింది. ఆరడుగుల పైమాటే. సరస్సు ఇంకా గడ్డకట్టకుండా, చలి ఇంకా పూర్తిగా ముదరకుండా పడే మంచు అది. మీ వ్యాసంలో రాసినట్టు "దూది పింజల్లా" ఉండదు. పారతో ఒక్కసారి ఎత్తి చూస్తే నడుము చెబుతుంది అదేమిటో.

అసలు మాట బరువు. మీ వ్యాసంలో లేనిదీ అదే. ఇరవై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు ఉన్న, రోడ్డు నుంచి గ్యారేజీ దాకా కారు వెళ్లే డ్రైవ్‌వే మీద అడుగు మంచు పడిందనుకోండి. మామూలు మంచయితే సుమారు 3 టన్నులు. తడి మంచయితే అంతకు రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. లోతు అదే, పని మాత్రం రెండింతలు. "ఎనిమిది అంగుళాల వరకు ఈ మెషీన్ చాలు" అని రాసేటప్పుడు ఏ ఎనిమిది అంగుళాలు అని అడగాలన్న ఆలోచనే మీ రచయితకు రాలేదు. ఆ 2022 నవంబరు తుపానులో మా ఈరీ కౌంటీలో (మన జిల్లా లాంటిది) మంచు తీస్తూ గుండె ఆగి చనిపోయినవాళ్లున్నారు. ఇక్కడి జనం ఈ తడి మంచుని హార్ట్ ఎటాక్ స్నో అనే పిలుస్తారు.

మీరు "అందరికీ అనువైనది" అని మెచ్చుకున్న సింగిల్ స్టేజ్ మెషీన్‌లో ఒకటే తిరుగుడు. రబ్బరు రెక్కలు నేలను రాసుకుంటూ మంచుని లాగి, అవే పైకి విసరాలి. తేలికపాటి మంచుకి బాగానే ఉంటుంది, కాదనను. తడి మంచులోకి తోస్తే నాలుగడుగులు పోయి మూలుగుతుంది. టూ స్టేజ్‌లో పని రెండు చేతులకు పంచారు. ముందు ఆగర్ అనే ఇనప మర గడ్డల్ని కొరికి లోపలికి లాగుతుంది, వెనక వేగంగా తిరిగే ఇంపెల్లర్ అనే రెక్కల చక్రం వాటిని చ్యూట్ (పైకి వంగిన గొట్టం) లోంచి దూరంగా విసురుతుంది. లోతైన తడి మంచుకి ఇంతకు తక్కువ మెషీన్ చూపించడమంటే కొనేవాడి డబ్బు బూడిదలో పోయించడమే. మూడో స్టేజ్ అంటూ మధ్యలో ఇంకో స్క్రూ పెట్టినవీ ఉన్నాయి. గట్టిపడిన గడ్డల్ని చితక్కొట్టడానికి బాగుంటాయి గానీ వాటి గురించి కొట్లాడేంత ఓపిక నాకు లేదు.

ఇక "వెడల్పు ఎక్కువైతే పని త్వరగా అవుతుంది" అన్న సలహా. దీనికి ఎంతమంది బలవుతారో! షాపులో 30 అంగుళాల నోరున్న మెషీన్ చూడగానే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వెనకున్న ఇంజిన్ 250 సీసీ అయితే ఆ నోటికి దొరికిన తడి మంచంతా దాని గొంతులోనే ఇరుక్కుంటుంది. మా లాంటి చోట 28 అంగుళాల వెడల్పు, 300 సీసీకి పైన ఇంజిన్ చూసుకోవాలి. ఇంపెల్లర్ 14 అంగుళాలకు తగ్గకుండా ఉంటే మేలు. 369 సీసీ, 420 సీసీ ఇంజిన్లతో 28 అంగుళాల మెషీన్లు ఏరియన్స్ లాంటి కంపెనీలే చేస్తున్నాయి, ఎందుకు చేస్తున్నాయో మీ రచయిత ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. ఆయన హార్స్‌పవర్ లెక్కలు చెప్పారు. గడ్డి కోసే మెషీన్ల హార్స్‌పవర్ ఎక్కువ చేసి చూపించారని అమెరికాలో కోర్టు కేసు నడిచి 2010లో సెటిలయ్యాక, ఇలాంటి చిన్న ఇంజిన్ల మీద కంపెనీలే ఆ మాట వాడటం తగ్గించి సీసీ, టార్క్ (తిప్పే బలం) చెబుతున్నాయి. మన పత్రిక మాత్రం ఇంకా హార్స్‌పవర్ దగ్గరే ఆగింది.

వేడి హ్యాండిళ్లకు ఒక పేరా, ఎల్ఈడీ లైటుకు ఒక పేరా ఇచ్చారు. షియర్ పిన్ గురించి ఒక్క వాక్యం లేదు. ఆగర్‌కి రాయో, మంచులో పూడుకుపోయిన న్యూస్‌పేపర్ కట్టో (అవును, మీలాంటి వాళ్లు వేసేదే) తగిలితే, గేర్‌బాక్స్ పగలకుండా తాను విరిగిపోయే చిన్న బోల్టు అది. మాటిమాటికీ విరుగుతోందని కొందరు దాని స్థానంలో గట్టి బోల్టు బిగిస్తారు. తర్వాత గేర్‌బాక్స్ బిల్లు చూసుకుని లబోదిబోమంటారు. మెషీన్‌తోపాటు నాలుగు షియర్ పిన్నులు కొని గ్యారేజీలో మేకుకు తగిలించుకోమని చెబితే అది సలహా. అలాగే ఇంపెల్లర్ రెక్కకీ గోడకీ మధ్య సందుని మూసే రబ్బరు పట్టీల కిట్ దొరుకుతుంది. ఆ పట్టీలుంటే నీళ్లోడుతున్న మంచుని కూడా ఇంకాస్త దూరంగా కొడుతుంది. ఇవన్నీ ఏ రిపేర్ షాపు కుర్రాణ్ని అడిగినా చెబుతాడు, అడగాలంతే.

ఇంతకీ మెషీన్‌ని నిజంగా పరీక్షించేది ఆకాశం నుంచి పడే మంచు కాదు, రోడ్డు మీది మంచుని పక్కకు తోసే ప్లౌ ట్రక్కు. రెండు గంటలు నానా తంటాలు పడి డ్రైవ్‌వే శుభ్రం చేసుకుని లోపలికొచ్చి కాఫీ గ్లాసు పట్టుకోగానే ధడధడమని ట్రక్కు వస్తుంది. రోడ్డు మీది మంచునీ, ఉప్పునీ, బురదనీ కలిపి మోకాళ్లెత్తు గోడలా మన ఇంటి మొగదల పోసి పోతుంది. కాసేపు వదిలేస్తే రాయి. టౌన్ హైవే ఆఫీసుకి ఫోన్ చేసి అడిగితే "అది ఇంటి యజమాని బాధ్యతండీ" అంటారు, ఏటా అదే మాట, అదే గొంతు. పోనీ ఆ మంచుని తిరిగి రోడ్డు మీదికే తోద్దామంటే అది చట్టవిరుద్ధం! వాళ్లు నా ముంగిట్లో పోయొచ్చు, నేను వాళ్ల రోడ్డు మీద పోయకూడదు. మున్సిపాలిటీ వాళ్లు కాలవలో పూడిక తీసి ఇంటి గేటు ముందు కుప్పపోసి, వానకు అది మళ్లీ కాలవలోకి జారేదాకా వదిలేయడం విజయవాడలో చూసి చూసి ఇక్కడికొచ్చాం. ఇక్కడ కుప్ప రంగు మాత్రమే తెలుపు.

నడకదారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. బఫెలోలో ఇంటి ముందు నడకదారి ఇంటివాళ్లే శుభ్రం చేయాలి, లేకపోతే జరిమానా. పక్కనే ఉన్న రోచెస్టర్ నగరం మంచు ఎక్కువ పడ్డప్పుడు ఆ పని ఇళ్లవాళ్ల దగ్గర కొంత వసూలు చేసి తానే చేయిస్తుంది. సరస్సులు వేరైనా మంచు మంచే కదా, అక్కడ అయ్యే పని ఇక్కడెందుకు కాదో ఎవరూ చెప్పరు. 2022 డిసెంబరు తుపానులో ఈరీ కౌంటీలో 40 మందికి పైగా పోయాక, నగరం ఎలా స్పందించిందో న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్లతో 2023లో నివేదిక కూడా రాయించారు. నివేదికలకేం, బోలెడు. మా వీధి మలుపులో ఫైర్ హైడ్రంట్ (ఫైరింజన్‌కి నీళ్లిచ్చే పంపు) మాత్రం ప్రతి తుపానుకీ పూడుకుపోతూనే ఉంది, ఇరుగుపొరుగు వాళ్లమే తవ్వుతున్నాం.

కాబట్టి కొనేవాడు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: మా ఇంటి మొగదల ఆ గోడని ఈ మెషీన్ కొరుకుతుందా? దాని మీదకి ఎక్కి కూర్చుంటుందా? తేలికపాటి మెషీన్లు ఎక్కి కూర్చుంటాయి. అందుకే బరువైనదే కావాలి. ట్రిగ్గర్ నొక్కితే తిరిగే పవర్ స్టీరింగ్ ఉంటే ఆ బరువు మన భుజాల మీద పడదు. ఇలాంటి మెషీన్‌కి ఇక్కడ 1,500 నుంచి 2,500 డాలర్ల దాకా అవుతుంది. "మొదటి మంచు పడ్డాక ఆఫర్లు చూసి కొనండి" అన్నారు మీరు. మొదటి మంచు పడ్డాక ఇక్కడి షాపుల్లో మిగిలేది సేల్స్‌మన్ ఒక్కడే.

స్నో బ్లోయర్‌ని కనిపెట్టింది అమెరికన్ అనీ రాశారు. క్యూబెక్‌కి చెందిన ఆర్థర్ సికార్డ్ 1925లో తయారు చేసి, 1927లో మాంట్రియల్ పక్కన ఊట్రెమాంట్ అనే ఊరికి మొదటిది అమ్మాడు. ఏ విజ్ఞాన సర్వస్వంలో చూసినా ఇది ఉంటుంది. సరే, ఇది చిన్న తప్పు, వదిలేద్దాం.

వదలకూడనిది చివరి పేరాలో ఉంది. చ్యూట్‌లో మంచు ఇరుక్కుంటే "ఇంజిన్ ఆపి చేత్తో తీసేయండి" అని రాశారు. తడి మంచులో చ్యూట్ మాటిమాటికీ ఇరుక్కుంటుంది, అంటే ఈ సలహా మాటిమాటికీ అమలవుతుంది. ఇంజిన్ ఆపాక కూడా ఇరుక్కున్న ఆగర్‌లో, ఇంపెల్లర్‌లో బిగువు మిగిలి ఉంటుంది. గడ్డ ఊడగానే ఒక్క చుట్టు తిరుగుతుంది. వేళ్లు పోవడానికి ఆ ఒక్క చుట్టు చాలు. అమెరికాలో ఏటా వేలమంది స్నో బ్లోయర్ గాయాలతో ఎమర్జెన్సీకి పరిగెడుతున్నారు. ఇప్పటి మెషీన్ల మీద ఒక ప్లాస్టిక్ పుల్ల క్లిప్పుతో బిగించి ఇస్తారు, ఇంజిన్ ఆపాక చ్యూట్‌లో మంచు తీయాల్సింది దాంతో. అది లేకపోతే కర్ర. చెయ్యి మాత్రం ఎప్పటికీ కాదు. రాసినవారు మెషీన్‌ని కనీసం తాకి చూశారా, లేక కంపెనీ బ్రోషర్ తెలుగులోకి దింపి పంపారా? ఒకప్పుడు మీ పత్రికలో వంకాయ తెగులు మీద రాయాలన్నా వ్యవసాయ శాఖ వాళ్లను అడిగి రాసేవారు.

మా వాట్సాప్ గ్రూపులో యూనివర్సిటీలో చేరి, అద్దె ఇల్లు తీసుకుని, మొదటి చలికాలం చూడబోతున్న పిల్లలున్నారు. వాళ్లు మీ మాటే నమ్ముతారు. చ్యూట్ విషయం వరకైనా సవరణ వేయండి. లోపలి పేజీ మూలన కాకుండా, వ్యాసం వేసిన అదే ఎన్నారై పేజీలో, అదే అక్షరాల సైజులో వేయండి. నవంబరు లోపల వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
బఫెలో దక్షిణ శివార్లు, న్యూయార్క్