మాత్రలు మానకు తల్లీ

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో "నెల నుంచి విరేచనంలో రక్తం పడటం లేదమ్మా, మాత్రలు ఆపేసి మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ పొడి తాగుతున్నా" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నీ మీద అరిచాను. అరవకుండా ఉండాల్సింది. అందుకే కూర్చుని రాస్తున్నా, నిదానంగా చదువు.

ఎంవీపీ కాలనీ ఇంట్లో తెల్లవారుజామున నాలుగింటికి బాత్రూమ్ లైటు వెలిగేది. మాకు వినపడకూడదని కుళాయి పూర్తిగా తిప్పి వదిలేదానివి. బకెట్టు నిండి నీళ్లు పొర్లుతున్నా కట్టేదానివి కాదు. నాలుగు నెలలు నోరు విప్పలేదు. చెప్పాక కూడా మొదట చూసిన డాక్టరు మొలలని ఆయింట్‌మెంట్ రాశాడు. ఇంకో మూడు నెలలు పోయాయి. కొలనోస్కోపీ చేశాకే పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది. ఆ రోజులు మళ్లీ రాకూడదనే నా బాధంతా.

ఈ జబ్బుకి పేగులోని బ్యాక్టీరియాతో సంబంధం ఉందని నువ్వన్నదాంట్లో నిజం లేకపోలేదు. నేనూ చదువుతూనే ఉన్నా. మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయట, ఇంచుమించు మన కణాలెన్నో అవీ అన్ని. ఎక్కువ భాగం పెద్దపేగులోనే. మనకు అరగని పీచుని అవి పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తాయి. పెద్దపేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన తిండి. ఈ జబ్బున్నవాళ్లలో అలాంటి మేలు చేసే రకాలు తగ్గిపోతాయి. ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటి చదివి ఆశ్చర్యపోయాను. ఒక జన్యువు తీసేస్తే వాటి పేగు వాస్తుంది. అవే ఎలుకల్ని ఒక్క బ్యాక్టీరియా కూడా సోకకుండా పెంచితే వాపు రాదు. అంటే జన్యువు, బ్యాక్టీరియా, మన రోగనిరోధక శక్తి కలిసి చేసే గొడవ ఇది. బ్యాక్టీరియా మారినందువల్ల పేగు వాస్తుందా, వాచినందువల్ల బ్యాక్టీరియా మారతాయా అన్నది శాస్త్రవేత్తలే ఇంకా తేల్చలేదు.

చిన్నప్పుడు నీకు జ్వరం వచ్చినప్పుడల్లా యాంటీబయాటిక్ పోశానే, దానివల్లే వచ్చిందా అని ఎన్ని రాత్రులు ఏడ్చానో. కొన్ని పరిశోధనల్లో ఆ సంబంధం కనిపించిన మాట నిజమేగాని, ఒక మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని ఎవరూ చెప్పలేరంది డాక్టరమ్మ. నీ తప్పు అసలే లేదు. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇక ఆ పొడి. రాత్రి పాలు తోడు పెడుతుంటే నువ్వే గుర్తొచ్చావు. పాలు గోరువెచ్చగా ఉంటే చెంచాడు పెరుగు చాలు, తెల్లారేసరికి గిన్నెడు తోడుకుంటుంది. మరుగుతున్న పాలలో వేస్తే ఎంత మంచి తోడైనా చచ్చిపోతుంది. వాచిన పేగు కూడా అలాంటిదే తల్లీ, ముందు అది చల్లారాలి. పైగా బయటినుంచి వేసిన బ్యాక్టీరియా పేగులో ఎక్కువ రోజులు నిలవవు.

నిస్లే అనే జర్మన్ డాక్టరు 1917లో, తోటివాళ్లకి విరేచనాలు పట్టుకున్నా తనకి రాని ఒక సైనికుడి మలం నుంచి ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఒక రకాన్ని వేరుచేశాడు. జబ్బు తగ్గాక తిరగబెట్టకుండా అది ఈ జబ్బుకి వాడే మెసలమైన్ మందుతో సమానంగా పనిచేసిందని పరీక్షల్లో తేలింది. కానీ అది ఆ ఒక్క రకం సంగతి. నువ్వు కొన్న డబ్బా మీద ఏ రకమో కూడా రాసి లేదన్నావు.

రక్తం ఆగింది ఆ మాత్రల వల్లే. మానేస్తే తిరగబెట్టే అవకాశం బాగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి వాపు అలాగే ఉంటే పెద్దపేగు క్యాన్సర్ భయం కూడా ఉంది. నిన్ను భయపెట్టాలని కాదు, దాచడం ఇష్టంలేక రాస్తున్నా.

పెరుగు తిను, ఒంటికి పడితే చోడి అంబలి తాగు. మళ్లీ విరేచనాలు మొదలైతే మాత్రం ఆకుకూరలూ పీచూ ఎంత తినాలో డాక్టరమ్మని అడుగు.

శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నా. చోడిపిండి తెస్తా. శనివారం ఇద్దరం వెళ్లి కాల్‌ప్రొటెక్టిన్ పరీక్షకి ఇద్దాం. పైకి ఏమీ తెలియకపోయినా లోపల వాపుందేమో మలంలోనే తెలిసిపోతుందట. ఈలోగా డాక్టరమ్మకి ఫోన్ చేసి మానేసిన సంగతి చెప్పు, ఆవిడ తిట్టదు. మాత్ర వేసుకున్నాక నాకో మెసేజ్ పెట్టు. ఎంత రాత్రైనా మేలుకునే ఉంటా.

అమ్మ